తువ్వాల పడ్డాక

ఆర్మూరు గంజ్‌లో ఆ రోజుల్లో పసుపు బేరం నోటితో జరిగేది కాదు. రైతు తెచ్చిన కొమ్ములు కుప్ప పోశాక, కొనేవాడూ, రైతు తరఫున అమ్మిపెట్టే అడ్తి సేటూ ఆ కుప్ప పక్కన ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకునేవారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఎంత ధర అన్నది వాళ్ళిద్దరికే తెలుసు. చుట్టూ మూగినవాళ్ళకు తువ్వాల కదలడం మాత్రమే కనబడేది. బేరం కుదరగానే సేటు అవతలివాడి అయిదు వేళ్ళూ కలిపి గట్టిగా ఒక్కసారి నొక్కి, తువ్వాలను అక్కడే పడేసేవాడు. తువ్వాల పడిందంటే అంతే. కొమ్ములు విరిచి చూస్తున్నవాళ్ళు చేతులు తీసేయాలి. హమాలీలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడాలి. ఆ కుప్ప గురించి మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తినవాడిని మర్నాటి నుంచి ఎవరూ బేరానికి పిలిచేవారు కాదు.

మా ఆయన ఆ గంజ్‌లో పనిచేసేవాడు. పుట్టు చెవుడు, మాట కూడా లేదు. సేటు దయతలచి పని ఇచ్చాడనుకుంటే పొరపాటు. ఏరికోరి పెట్టుకున్నాడు. కుదిరిన ధర గంజ్ నుంచి దుకాణానికి చేరేలోపల పదిమంది చెవిన పడుతుందని సేటు బాధ. ఒకసారి నాతోనే అన్నాడు.

"టీచరమ్మా, నీ పెనిమిటి అసొంటోడు నాకు ఇంకొకడు దొరకడు. చీటీ చేతుల పెడితె చాలు, ఉరుకుడే. నడిమిట్ల ఎవడు ఆపి అడిగినా నోట్లెకెల్లి ఒక్క మాట రాదు."

మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలు అక్కరలేదు. 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అన్న సామెతను మా వీధిలో మా ఇంటి ముందు మాత్రం ఎవరూ వాడేవారు కాదు, నాకు జడిసి.

గంజ్‌లో ఆయనకు రెండు పనులు. తువ్వాల పడగానే రెండు చేతులూ చాచి కుప్ప దగ్గరికి ఎవరూ రాకుండా ఆపాలి. గుమాస్తా ధర చీటీ రాసేదాకా అలాగే కదలకుండా నిలబడాలి. గుమాస్తా చీటీ రాసి, మడిచి, ఆయన అరచేతిలో పెట్టి భుజం మీద తట్టేవాడు. తట్టిందే తడవు, పరుగు. బండ్ల మధ్య నుంచి, ఎడ్ల కొమ్ములు తప్పించుకుంటూ, పరిచిన పసుపును తొక్కకుండా దుకాణం దాకా ఫర్లాంగు దూరం. ఫాల్గుణం, చైత్రం వచ్చాయంటే రోజుకు ఇరవై ముప్పై సార్లు అలా పరుగెత్తేవాడు. సాయంత్రం ఇంటికొస్తే మోకాళ్ళ దాకా పచ్చగా ఉండేవాడు.

నాది ముప్కాల్. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. మిడిల్ స్కూలు చదివి, టీచరు ట్రైనింగు అయి, ఆర్మూరులో ఆడపిల్లల బడిలో పనికి కుదిరాక కూడా చూడవచ్చిన సంబంధాలన్నీ నా ముఖం చూసి కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాయి. చివరికి ఈయన్ని చూశారు. పెళ్ళి పందిట్లో ఎవరో 'గంతకు తగ్గ బొంత' అన్నారు. నేను విన్నాను, ఆయన వినలేదు. ఆ రోజు నాకంటే ఆయన ముఖం సంతోషంగా ఉండడానికి కారణం అదే కావచ్చు.

ఆయన చిన్నతనంలో ఏడేళ్ళు పట్నంలో చెవిటిపిల్లల బడిలో చదివాడు. అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. అక్కడ ప్రతి ఒక్కరికీ చేత్తో చేసే పేరొకటి ఉంటుంది, అదీ మనిషిలో కొట్టొచ్చినట్టు కనబడేదాన్ని బట్టి. ఆయన పేరు ముందుపళ్ళ మధ్య సందు. నాకు పెట్టిన పేరు, చెంప మీద మూడు వేళ్ళతో టకటకా పొడవడం. నా మచ్చలన్నమాట. మొదటి నెల నేను ఆ పేరుకు పలకలేదు. తరువాత అలవాటయింది. వాళ్ళ లోకంలో దాన్లో వెక్కిరింత లేదని తెలిశాక, మచ్చలు చూసి కూడా చూడనట్టు నటించేవాళ్ళకంటే అదే నయమనిపించింది.

కానీ ఆర్మూరులో ఆయన చేతుల భాష తెలిసినవాళ్ళు లేరు. నేను నేర్చుకున్నది అన్నం, నీళ్ళు, రేపు, జ్వరం, సేటు, కోపం వరకే. ఆయన నాతో మాట్లాడేటప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించినట్టు ఒక్కొక్కటే, నెమ్మదిగా చేసేవాడు. అదే ఆయన మాట తీరు అనుకున్నాను. పెళ్ళయిన రెండో ఏడు ఆయనతో చదువుకున్న స్నేహితుడొకడు, పట్నంలో దర్జీపని చేసేవాడు, మా ఇంటికొచ్చి మూడు రోజులున్నాడు. ఆ మూడు రోజులూ వాళ్ళ చేతులు ఆగలేదు. మా ఆయనకు అంత వేగం ఉందని, ఎదుటివాణ్ణి పొట్ట పట్టుకుని నవ్వేలా చేయగలడని నాకు అప్పుడే తెలిసింది. నేను వండి వడ్డించి, వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వి, ఎందుకు నవ్వానో తెలియక వంటింట్లోకి పోయేదాన్ని. స్నేహితుడు వెళ్ళిన రోజు సాయంత్రం ఆయన నాతో మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టాడు. అన్నం. నీళ్ళు. నాకు ఏడుపొచ్చింది.

ఉత్తరం వచ్చింది అరవైల నడుమ, ఒక కార్తీకంలో. ఆయనకు బడిలో కసరత్తు నేర్పిన మాస్టారు రాసింది. పాత విద్యార్థులందరికీ ఒకటే ఉత్తరం ఇంగ్లీషులో టైపు చేయించి పంపాడు. మా ఆయనకు బడిలో వచ్చిన ఉర్దూ తప్ప వేరే అక్షరం తెలియదు. నాకు ఇంగ్లీషు గుడ్డికన్నా మెల్ల నయం అన్నంత వచ్చు. మా బడిలో ఉన్న నిఘంటువు తెచ్చుకుని కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు.

ప్రపంచంలో చెవిటివాళ్ళకు వేరే ఆటల పోటీలున్నాయట. నాలుగేళ్ళకొకసారి ఏదో ఒక దేశంలో జరుగుతాయట. అన్ని దేశాల నుంచీ వస్తారట. మన దేశం నుంచి కూడా కొందరిని పంపాలని చూస్తున్నారట. మాఘంలో పట్నంలో పరుగు పెట్టి, ఫర్లాంగు దూరానికి ఇద్దరిని ఎంచి, ఢిల్లీకి పంపుతారట. నాకొచ్చిన చేతులతో ఇదంతా చెప్పడానికి గంట పట్టింది.

ఆయన పతకం గురించి అడగలేదు. విమానం గురించీ అడగలేదు. ఒకటే అడిగాడు: అక్కడ చెవులు వినబడేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆటగాళ్ళలో ఒక్కరూ ఉండరని చెప్పాను. నమ్మక ఇంకోసారి అడిగాడు. ఒక్కరూ ఉండరని మళ్ళీ చెప్పాను. అప్పుడు లేచి వాకిట్లోకి పోయి, తిరిగి వచ్చి, దర్జీ స్నేహితుడితో మాట్లాడినట్టు నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు. చేతులు గాలిలో ఎగిరిపోతున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన అది గమనించలేదు కూడా.

ఉత్తరంలో చివరి పేరా మిగిలి ఉంది. నిఘంటువు పెద్దగా అక్కరలేకుండానే అర్థమైంది. పరుగు మొదలుపెట్టడానికి తుపాకీ పేల్చరు, వాళ్ళకు వినబడదు కనుక. ఒకాయన తెల్లగుడ్డ పైకెత్తి పట్టుకుని కిందికి పడేస్తాడు. గుడ్డ పడగానే పరుగెత్తాలి. బడిలో ఉన్నప్పుడు మనం డోలు అదురుకు పరుగెత్తేవాళ్ళం, ఇది వేరు. ఇంటి దగ్గర తప్పక అలవాటు చేసుకోండి.

ఆర్మూరులో నాలుగేళ్ళున్న నాకు ఆ వాక్యం చదవగానే మొత్తం కళ్ళకు కట్టింది. గుడ్డ పడితే ఈయన ఏం చేస్తాడో నాకు తెలుసు. ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టాను.

రేపు చెబుదామనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అలా అనుకోలేదు. ఆయన ఓడిపోవాలని కోరుకోలేదు, గెలవాలని కూడా కోరుకోలేదు. అక్కడికి పోయి నెల రోజులు తనవాళ్ళ మధ్య తిరిగి వచ్చిన మనిషి మళ్ళీ నా ముందు కూర్చుని అన్నం, నీళ్ళు అంటాడా అని భయపడ్డాను. అన్నా, ఎలాంటి ముఖంతో అంటాడు? నాకున్న మొగుడు ఆయనొక్కడే.

మర్నాటి నుంచే తెల్లవారుజామున పెర్కిట్ రోడ్డు మీద సాధన మొదలైంది. అక్కడ ఫర్లాంగు రాళ్ళుండేవి. ఒక రాయి దగ్గర నుంచి రెండో రాయి దాకా పరుగు. ఆయన తువ్వాల తీసి నా చేతికిచ్చి గీత మీద వంగేవాడు. నేను భుజం మీద తట్టేదాన్ని. దూసుకుపోయేవాడు. నేను ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకునేదాన్ని. మొదట్లో ముప్పై దాటేది, పుష్యం వచ్చేసరికి ఇరవై ఆరు దగ్గర ఆగింది. ఎదురొచ్చే బండ్లవాళ్ళు తోలడం ఆపి చూసేవారు.

"ఏందమ్మా, పెండ్లాం తరుముతుంటె మొగడు ఉరుకుతుండు!" అన్నాడొకడు.

"నీ పెండ్లాం తరిమితె నువ్వు గిట్లనే ఉరుకుతవా, ఎడ్లబండెక్కి కూసుంటవా?" అన్నాను. అప్పటి నుంచి ఆ బండి మా పక్కన చప్పుడు చేయకుండా పోయేది.

చలికి ఆయన వీపు మీద నుంచి ఆవిరి లేచేది. చూడ్డానికి బాగుండేది. నాకు గర్వంగానే ఉండేది, ఆ సంగతి కూడా చెప్పాలి. రోజూ తట్టేదాన్ని, రోజూ లెక్కపెట్టేదాన్ని. ఆయన తువ్వాల రోజూ నా చేతిలోనే ఉండేది.

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. పరాయి దేశం ఏదైనా మావాళ్ళకు లండనే కనుక, లండన్ పోతున్నాడన్నారు. సేటు రెండు రోజులు సెలవిచ్చి, కొత్త బనీను కొనిపెట్టి, "ఉరికి రాపో, మన గంజ్ పేరు నిలబెట్టు" అని ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచాడు. ఆయన నవ్వాడు. సేటు పెదవులు కదలడం ఆయనకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది.

పట్నంలో మైదానం చేరేసరికి అక్కడ వందమంది దాకా ఉన్నారు. అందరూ చెవిటివాళ్ళే, వాళ్ళ మాస్టర్లు తప్ప. చడీచప్పుడూ ఉండదనుకున్నాను. తప్పు. గొంతులతో కేకలు, అడుగుల చప్పుడు, చప్పట్లు. మా ఆయన వాళ్ళ మధ్యలోకి పోయాడు. ముందుపళ్ళ సందు పేరు పదిచోట్ల లేచింది. ఎవరో ఒకావిడ నా దగ్గరికొచ్చి చేతులతో గబగబా ఏదో అడిగింది. నేను నవ్వాను. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ నవ్వాను. ఆమె జాలిగా చూసి వెళ్ళిపోయింది. ఆర్మూరులో ఆయన ఇన్నేళ్ళు ఎలా గడిపాడో నాకు అక్కడ అరగంటలో తెలిసింది. అప్పుడైనా పోయి చెప్పి ఉండవచ్చు. ముప్పై అడుగుల దూరంలోనే ఉన్నాడు.

ఫర్లాంగు పరుగుకు వచ్చిన ఆరుగురిని గీత మీద నిలబెట్టారు. ఆయన నడిమివాడు. ఖాకీ లాగు వేసుకున్న మనిషి పక్కన నిలబడి తెల్లగుడ్డ పైకెత్తాడు. ఆరుగురూ అటే చూస్తున్నారు. గుడ్డ పడింది.

మా ఆయన రెండు చేతులూ చాచాడు. అటువైపు ఇద్దరినీ ఇటువైపు ముగ్గురినీ ఆపడానికి, గంజ్‌లో ఆపినట్టే, కాళ్ళు ఎడంగా పెట్టి చాచాడు. చాచేసరికి అక్కడ ఎవరూ లేరు. అయిదుగురూ ముందుకు పోయారు. ఆయన గుడ్డ వేసినవాడి వైపు చూశాడు, వాళ్ళను వెనక్కి పిలుస్తాడేమోనని. అతను పిలవలేదు. అప్పుడు పరుగెత్తాడు. నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి, మూడోవాణ్ణి కూడా దాటాడు. రెండోవాడి భుజం దాకా వచ్చేసరికి పరుగు అయిపోయింది. మూడోవాడిగా వచ్చాడు. కావలసింది ఇద్దరే.

మాస్టారు పరుగున ఆయన దగ్గరికి వెళ్ళాడు. దూరం నుంచి చూస్తున్నాను. మాస్టారి చేతుల్లో నాకు తెలిసినవి రెండే కనబడ్డాయి: ఉత్తరం, గుడ్డ. తరువాత వేలు నా వైపు తిరిగింది. మా ఆయన నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో లెక్కపెట్టలేదు. తరువాత మాస్టారి వైపు తిరిగి చిన్నగా ఏదో చెప్పి, తన నుదుటి మీద తనే కొట్టుకున్నాడు.

మాస్టారు నా దగ్గరికి వచ్చాడు. తెల్లజుట్టు మనిషి. ముఖం ఎర్రబడి ఉంది.

"అమ్మా, గుడ్డ సంగతి మీరు సాఫ్ సాఫ్ చెప్పిన్రట. గీనే మరిచిపోయిండట. ఇంట్ల చెప్పలేదని తెలిస్తె నేను పరుగులు పెట్టే పెద్దసాబు కాళ్ళు పట్టుకొనైన మల్లొకసారి ఉరికిస్తుంటి. చెప్పినంక మరిస్తె ఏమని అడగాలె?"

ఆయన తువ్వాల నా చేతిలోనే ఉంది, దాన్ని మడతపెట్టాను.

"గంత ఉరుకు పెట్టుకోని… ఛ!" అని మాస్టారు వెళ్ళిపోయాడు.

మాస్టారు మైదానం దాటి పెద్దసాబు బల్ల దగ్గరికి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాను. బల్ల మీద కాగితాలు మడిచారు. తరువాత వేరే దూరం పరుగుకు ఇంకో ఆరుగురు వచ్చి నిలబడ్డారు. పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాను, నాకు గొంతూ ఉంది. బడిలో అరవైమంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు అది.

తిరుగు ప్రయాణంలో ఇందల్వాయి దగ్గర బస్సు ఆగింది. ఆయన దిగి రెండు చాయలు, కాగితంలో మిర్చీ బజ్జీలు తెచ్చాడు. మైదానంలో ఎవరెవరు కలిశారో, ఎవరికి పెళ్ళయిందో, ఎవరికి బట్టతల వచ్చిందో నాకు నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పాడు. నా మిర్చీలు కూడా ఆయనే తిన్నాడు.

సేటు దుకాణం ముందే కాచుకుని ఉన్నాడు. "ఏమాయె?" అని నన్ను అడిగాడు.

"మరిచిపోయిండు," అన్నాను.

"చెవుడుకు తోడు మతిమరుపా!" అని సేటు నెత్తి కొట్టుకున్నాడు. ఆ మాట గంజ్ అంతా తిరిగింది. చాలాకాలం దాకా హమాలీలు ఆయన్ని చూస్తే నుదుటి మీద కొట్టుకుని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఇంట్లో ఆ పరుగు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను చేసిన పని ఒక్కటే. ఆయన భాష నేర్చుకున్నాను. ఆయన వెంటపడి, తిట్టించుకుని, తప్పులు చేసి నేర్చుకున్నాను. నాలుగేళ్ళకు నాకు చేతులు తిరిగాయి. ఆయన వేగంగా మాట్లాడినా చాలావరకు అందేది. కొన్నిసార్లు నన్ను పొట్ట పట్టుకుని నవ్వించేవాడు.

ఆ పరుగు అయి నాలుగేళ్ళు గడిచాక, వాకిట్లో ఇంటికి సరిపడా పసుపు ఎండబోసుకున్న ఒక మధ్యాహ్నం, దర్జీ స్నేహితుడు నిర్మల్‌లో ఒక పెళ్ళికి పోతూ మా ఇంటి దగ్గర దిగాడు. రాగానే ఆయన్ని అడిగాడు: వచ్చే నెల మళ్ళీ పరుగులున్నాయి, రావడం లేదా? ఉత్తరం రాలేదని ఈయన అన్నాడు. స్నేహితుడు చేతులు కిందికి దించి, చిన్నగా, నాకు కనబడకూడదన్నట్టు చెప్పాడు. నాలుగేళ్ళ కిందటి నేనైతే కనిపెట్టేదాన్ని కాదు. అతను చెప్పింది ఇది: మాస్టారు పేర్లు రాసేటప్పుడు నీ పేరు దగ్గర ఆగాడు. ఎంత ఉరికితే ఏం లాభం, చెప్పింది గుర్తుండని మనిషి, దేశం కాని దేశం ఎట్లా తీసుకుపోను అన్నాడు. కొట్టేశాడు.

మా ఆయన తల ఊపాడు. స్నేహితుడికి నీళ్ళిచ్చాడు. సాయంత్రం బస్సు ఎక్కించి వచ్చాడు.

వచ్చేసరికి నేను పసుపు పక్కన కూర్చుని ఉన్నాను. ఆయనా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. ఉత్తరం, అన్నాను. చివరన, అన్నాను. తెల్లగుడ్డ, పడితే, పరుగు. నేను చదివాను. నీకు… అని నా చేయి ఆయన వైపు పోతుండగా, ఆయన తన భుజం మీది తువ్వాల తీసి నా రెండు చేతుల మీదా కప్పాడు. తన చేయి దాని కిందికి పెట్టి నా అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. గట్టిగా ఒక్కసారి నొక్కాడు. తరువాత చేయి వెనక్కి తీసుకుని, తువ్వాలను నా చేతుల మీదే వదిలేశాడు.

నేను గంజ్ పద్ధతి తెలిసినదాన్ని. చేతులు కదపలేదు.